కింది అర సబ్బులు

బస్సు డిపోలో అందరూ ఆయన్ని హారన్ అనేవారు. ముందు బండి కదలకపోతే హారన్ కొట్టేవాడు, కదిలితే ఇంకా త్వరగా కదలమని కొట్టేవాడు. స్టాపులో ముసలమ్మ రెండో కాలు కింద పెట్టకముందే గేరు మార్చే రకం. రిటైరైన రోజు తోటివాళ్లంతా చేతులు కలిపి, "ఇక హాయిగా కూర్చోండి" అని సాగనంపారు. చిక్కంతా అక్కడే వచ్చింది. కూర్చోవడమంటే ఆయనకు తెలిసింది స్టీరింగు వెనక కూర్చోవడమే. ఇంట్లో కుర్చీలో ఎంతసేపు కూర్చున్నా అది ఎక్కడికీ పోదాయె!

కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. బాగున్న కుళాయిని విప్పి బాగుచేశాడు, దాంతో అది కారడం మొదలెట్టింది. భార్యకు వీధి చివర చిన్న కొట్టు ఉంది. చేపలు, బంగాళాదుంప ముక్కలు నూనెలో వేయించి అమ్ముతుంది. అక్కడికి పోయి, ముక్కలు వేగకముందే తీసెయ్యమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఆవిడ ఓపిక పట్టింది, పట్టింది, ఒకనాడు వాడేసిన నూనె డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది కాలవలో పోస్తే అడ్డం పడుతోందని వీధంతా నా మీద పడుతున్నారు. దీంతో బట్టల సబ్బు చేస్తారట. మేడ మీదకెళ్లి చెయ్యండి. మెల్లగా."

మెల్లగా అన్నది తప్ప మిగతాదంతా ఆయనకు నచ్చింది. నూనెను పాత గుడ్డలో వడగట్టాడు. కాస్టిక్ సోడాను తూచి నీళ్లలో కొంచెం కొంచెంగా వెయ్యాలని, సోడా మీద నీళ్లు గుమ్మరిస్తే మొహం మీదకే ఎగురుతుందని సోడా అమ్మిన కొట్టువాడు చెబితే అది మాత్రం బుద్ధిగా విన్నాడు. ఏ గిన్నెలో కలపాలో వినకుండానే లేచి వచ్చేశాడు. అల్యూమినియం గిన్నె బుసలు కొట్టి నల్లబడి, మళ్లీ పొయ్యి ఎక్కడానికి పనికిరాకుండా పోయింది. ఆ తర్వాత స్టీలు బకెట్టుకు మారాడు. సోడానీళ్లు చల్లారాక నూనెలో పోసి, గరిటె గీసిన గీత నిలిచేదాకా తిప్పడం, ట్రేలలో పోయడం, మర్నాడు ముక్కలు కొయ్యడం, ఇవన్నీ ఆయన చేతులకు పండగలాంటి పనులు.

కానీ కోశాక సబ్బు ఆరాలి. గాలి తగిలే చోట నెల పైనే ఉండాలి. అందాకా సోడా ఘాటు చావదు, చర్మాన్ని తినేస్తుంది. మేడ మీద గదిలో రెండు అరలు కొట్టాడు. పై అరలో పచ్చివి, కింది అరలో ఆరినవి. రోజూ పొద్దున్నా సాయంత్రం ఎక్కి వెళ్లి వాటిని అటు తిప్పి ఇటు తిప్పి, నొక్కి నొక్కి చూసేవాడు.

"ఆలస్యం అమృతం విషం అన్నారే" అనేవాడు భార్యతో.

"మీ తొందరకి అమృతం కూడా పచ్చిగానే దొరుకుతుంది" అనేది ఆవిడ.

ఇంత ఆరాటమూ కూతురి కోసం. ఆ అమ్మాయి ఊరికి అటు చివర కాపురముంటోంది, ఒళ్లో పసివాడున్నాడు. ఆమె చిన్నప్పుడు ఈయన తెల్లవారకముందే డ్యూటీకి పోయేవాడు, ఆమె నిద్రపోయాక వచ్చేవాడు. పిల్ల ఎప్పుడు పెరిగిందో చూడలేదు. ఇప్పుడు తన చేత్తో చేసినదేదో ఆ ఇంటికి వెళుతోంది. "బట్టలు తెల్లగా వస్తున్నాయి నాన్నా" అని ఆమె ఫోనులో అంటే, ఆ మాట వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి చెప్పేవాడు.

ఆవేళ పొద్దున్నే భార్య కింది అరలోంచి నాలుగు సబ్బులు తీసి, అటువైపు పనికి వెళుతున్న పక్కింటి ఎలక్ట్రీషియన్ చేతికిచ్చి కూతురికి పంపింది. ఈయన అలవాటు ప్రకారం మేడెక్కి కింది అరలో ఒకదాన్ని నొక్కాడు. వేలు దిగబడింది. అనుమానమొచ్చి నాలుక కొన ఆనించాడు. చురుక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది. కింది అరకు గాలి చాలడం లేదేమోనని నిన్న సాయంత్రం తనే అటువి ఇటు, ఇటువి అటు మార్చేశాడు. మార్చానన్న ముక్క భార్యకు చెప్పలేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. కూతురు పసివాడి గుడ్డలు ఆ సబ్బుతోనే ఉతుకుతుంది. తడి చేత్తో వాణ్ని ఎత్తుకుంటుంది. ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. కొట్టు దగ్గరికి పరుగెత్తాడు.

"పచ్చివి పంపేశావే! పిల్లాడి ఒళ్లు కాలిపోతుంది!"

ఆవిడ మూకుట్లోంచి తల ఎత్తలేదు. "ఏం కాదులెండి."

"ఏం కాదా? సోడా అది!"

"ఫోను తియ్యలేదంటే పిల్లాణ్ణి పడుకోబెట్టి ఉంటుంది. మళ్లీ చెయ్యండి."

నిమ్మకు నీరెత్తినట్టున్న ఆ మొహం చూసి ఆయనకు ఒళ్లు మండిపోయింది. కన్నతల్లేనా నువ్వు అని అక్కడే కేకలేసి బస్సెక్కాడు.

తను నడిపిన రూటే అది. ఆనాడు జనాన్ని పశువుల్ని తోలినట్టు తోలినవాడు ఇప్పుడు కిటికీ పక్కన ముళ్ల మీద కూర్చున్నాడు. కుడికాలు అక్కడ లేని పెడలును తొక్కుతూనే ఉంది. డ్రైవరమ్మ ప్రతి స్టాపులోనూ ఆగి, ఎక్కేవాళ్లు ఎక్కి సర్దుకునేదాకా చూసి అప్పుడు కదిలిస్తోంది.

"అమ్మా, పోనివ్వమ్మా! ఎక్కేశారుగా!"

"పెద్దాయనా, నడిపేది మీరా, నేనా?"

బస్సంతా నవ్వింది. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. నా బిడ్డ ఆ సబ్బు ముట్టకుండా ఉండాలి, ఏదో ఒక పని అడ్డుపడి ముట్టకుండా ఉండాలి అని దారి పొడుగునా లోలోపల దండం పెడుతూనే ఉన్నాడు. అలాంటి దండం ఆయన జన్మలో ఎప్పుడూ పెట్టలేదు.

కూతురు తలుపు తీసి నోటి మీద వేలు పెట్టింది. పసివాడు మంచం మీద నిద్రపోతున్నాడు. ఒళ్లు నున్నగా ఉంది, ఎక్కడా మచ్చ లేదు.

"సబ్బులు! పొద్దున వచ్చినవి... వాడావా?"

"లేదు నాన్నా. ఏమైంది? కూర్చో ముందు."

"ఎక్కడున్నాయి? ఇలా తే, పారేస్తాను."

ఆమె కాసేపు తటపటాయించి, బట్టలుతికే తొట్టి కింద ఉన్న అర చెక్క తలుపు తీసింది. పొద్దున వచ్చిన పొట్లం ముందుంది. దాని వెనక ఇన్నాళ్లూ ఆయన పంపిన సబ్బులన్నీ దొంతరలుగా ఉన్నాయి. ఒక్కటీ అరగలేదు. పక్కనే కొట్లో కొన్న సబ్బు సగానికి అరిగి ఉంది.

ఆయన గొంతుకూర్చుని వాటినే చూశాడు.

"మొదటిసారి పంపింది వాడితే చేతులు పొట్టు లేచాయి నాన్నా. ఇక వాడలేదు."

"చెప్పొచ్చుగా?"

"చెబితే మానేసేవాడివి. ఇన్నాళ్లకి నా కోసమని ఏదో చేస్తున్నావు. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది."

"అమ్మకి తెలుసా?"

"దాచమన్నది అమ్మే."

కోపం తెచ్చుకుందామని చూశాడు. వీధంతా చాటుకున్న తెల్లబట్టలు కళ్ల ముందు తిరిగాయి, సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ అరగంట కిందట బస్సులో దండం పెట్టి అడుక్కున్నది దీన్నే కదా. ముట్టకుండా ఉండాలని అడిగాడు, ముట్టలేదు. తన తొందర తనకంటే ఆ పిల్లకే బాగా తెలుసు.

"వాడకపోవడమే మంచిదైందమ్మా" అన్నాడు. అది నిజమే. పొద్దుటి పొట్లం ఒక్కటే చంకన పెట్టుకుని, మిగతావాటి మీద చెక్క తలుపు మెల్లగా మూశాడు.