అడవిలో ఆపిన కథ

మీరు చివరిసారి ఎదిరించిన మూఢనమ్మకం ఎవరిది? మీకంటే పైనున్నవాడిదా, కిందున్నవాడిదా? జవాబు నాకు చెప్పనక్కర్లేదు. నా జవాబు మాత్రం చెబుతాను, వినండి.

శామీర్‌పేట దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. అక్కడి ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌ని కూడా. మా హాస్టల్‌లో ఒక అంతస్తు కళలంటే ఇష్టమున్న పిల్లలది. ఏ బ్రాంచి వాళ్లయినా ఉండొచ్చు. నెలకోసారి ఒక ప్రదర్శన అందరూ కలిసి చూడాలి, ఆ కళాకారులతో కలిసి మెస్‌లో తినాలి, ఆ తర్వాత గుండ్రంగా కూర్చుని చూసినదాని గురించి మాట్లాడుకోవాలి. అంతకుమించి షరతుల్లేవు. ఈ పద్ధతి పెట్టించింది నేనే. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు రావడం లేదు.

ఈ ఏడాది ఒగ్గుకథ వాళ్లను పిలుద్దామన్నది సూరారం నుంచి వచ్చిన రెండో సంవత్సరం అమ్మాయి. వాళ్ల మేనమామ మేడ్చల్ దగ్గరి పల్లెలో ఉంటాడు. డోలు, తాళాలు, పక్కన మాట కలిపే మనిషి ఉంటే చాలు, పూటంతా కథ నడిపిస్తాడట. కానీ కాలేజీ అనగానే ఆయన రానన్నాడు.

"కాలేజోళ్లు నడుమల ఆపిస్తరు బిడ్డా. ఒకసారి చూసిన. మనకొద్దు."

వాళ్ల కథలో ఒక పసిబిడ్డ ఉంటుంది. ఉయ్యాలతో సహా ఆ బిడ్డను అడవిలో వదిలేస్తారు. అక్క వెతుక్కుంటూ పోయి ఇంటికి తెచ్చుకుంటుంది. ఎక్కడైనా ఆగి చాయ్ తాగొచ్చు కానీ బిడ్డ అడవిలో ఉండగా మాత్రం కథ ఆపరు. అది వాళ్ల ఆచారం.

"నేనున్న కద మామా," అందట ఆ అమ్మాయి. "బిడ్డ ఇల్లు చేరేదాక మైకు నీదే. నాదీ మాట."

ఆ మాట మీదే ఆయన వచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కథ మొదలైంది. గాలి జవహర్‌నగర్ చెత్త డంపు వైపు నుంచి తిరిగింది. మామూలుగా అయితే పిల్లలు చున్నీలు ముక్కుకు కట్టుకుంటారు. ఆరోజు ఆ సంగతే ఎవరికీ పట్టలేదు. పక్కన మాట కలిపే ఆయన ఒక అమ్మాయి చేతిలో ఫోను చూసి, "గీ చెల్లె ఫోన్ల దేవులాడుతాంది! మన బిడ్డ ఆ ఫోన్ల లేదమ్మా, ఉయ్యాలల ఉన్నది!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆ వెంటనే మేనమామ గొంతు తగ్గించి అక్క ఏడుపు ఎత్తుకున్నాడు. నవ్విన పిల్లలే కళ్లు తుడుచుకున్నారు.

అక్క ఇంకా అడవి అంచు కూడా చేరలేదు, ప్రిన్సిపాల్ నా పక్కకు వచ్చి వంగాడు.

"మేడమ్, దీపం వెలిగించడానికి పిలిచిన గెస్ట్ వచ్చేశారు. కథ ఆపమని సైగ చేస్తే ఆ కథ చెప్పే ఆయన వినట్లేదు. మీరైతే ఒప్పిస్తారు."

అవును, ఒప్పించగలను. బాణామతి పేరు పెట్టి ఆడవాళ్లను కొట్టిన ఊళ్లలో మైకు పట్టుకుని మాట్లాడినదాన్ని. వాదనలో నా నోరు మూయించినవాళ్లు తక్కువ. నేరుగా స్టేజీ ఎక్కాను.

"ఇక్కడికి ఆపండి," అన్నాను.

"బిడ్డ అడవిల ఉన్నది మేడం. ఇప్పుడు ఆపరాదు."

"ఆపితే ఏమవుతుంది?"

"మా తాతల నాటి సంది ఎవలు ఆపలె."

"తాతలు చేసింది ఆధారం కాదు. కథలో బిడ్డ నిజం బిడ్డ కాదు. కథ ఆగితే ఎవరికీ కీడు జరగదు. చదువుకునే పిల్లల ముందు ఈ మూఢనమ్మకాలు వద్దు."

మైకు ఆన్‌లోనే ఉంది. వెనక వరుసల్లో కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఆయన కింద మొదటి వరుసలో ఉన్న మేనకోడలి వైపు చూశాడు. ఆ పిల్ల లేచి నిలబడింది.

"మేడమ్, నేను మాటిచ్చిన..."

"కూర్చో," అన్నాను.

కూర్చుంది. డోలు ఆగిపోయింది.

ఆ గెస్ట్, పేట్ బషీరాబాద్‌లో వెంచర్లు వేసే స్థానిక నాయకుడు, స్టేజీ ఎక్కాడు. ఎక్కుతూనే వాచీ చూసుకున్నాడు. "జల్దీ కానియ్యున్రి, రాహుకాలం సొచ్చే లోపల దీపం ముట్టియ్యాలె," అన్నాడు. తొందర దేనికో అప్పుడు తెలిసింది. ఒక మనిషి నమ్మకాన్ని నేను ఆధారం లేదని తోసేసింది, మరో మనిషి రాహుకాలానికి దారి ఇవ్వడానికి. తెలిశాక నేనేం చేశాను? వెలిగించిన కొవ్వొత్తి ఆయన చేతికి అందించాను. నవ్వుతూ అందించాను. ఫోటోలో ఆ నవ్వు ఉంది.

కథ చెప్పేవాళ్లు మెస్‌కు రాలేదు. డోలు ట్రాలీ ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయారు. పిల్లలు ఎప్పటిలాగే గుండ్రంగా కూర్చున్నారు. ఒకమ్మాయి అడిగింది: "ఇంతకీ బిడ్డ ఏమైంది?"

అందరూ సూరారం పిల్ల వైపు తిరిగారు.

"నాకు తెలుసు. కానీ నేను చెప్ప. అది మామ చెప్పాలె," అంది. తర్వాత నన్ను చూసింది. "కథ ఆగితే ఏం గాదని నాక్కూడ ఎరుకే మేడమ్. మీరన్నది తప్పంటలేను. మరి గా సారు రాహుకాలం అన్నప్పుడు ఆధారం ఏదని అడగలేదేంది?"

మెస్‌లో పిల్లలందరి ముందు తల దించుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు, పోకూడదు కూడా. హేతువాదం నా దగ్గర ఉన్న కత్తి అనుకున్నాను. అది పైకి లేవడం మరిచిపోయి, కిందికి మాత్రమే దిగే కత్తి అయింది. నేను నరికింది మూఢనమ్మకాన్ని కాదు. ఒక పిల్ల తన మేనమామకు ఇచ్చిన మాటను.

ఆ తర్వాత సూరారం పిల్ల తన మామ ఇంటికి పోలేదు. ఆయన ఫోను చేస్తే మోగుతున్న ఫోను వైపు చూస్తూ కూర్చుంటుంది. "ఏం ముఖం పెట్టుకుని మాట్లాడాలె మేడమ్?" అంటుంది. చివరికి నేనే ఆయనకు ఫోను చేశాను. క్షమించమన్నాను.

"కాలేజికి ఇగ రాను మేడం," అన్నాడు. "మా వాకిట్ల చెప్త, పిల్లలను తోల్కరాండ్రి. అడవి కాడ నుంచి గాదు, మొదటి నుంచి చెప్త. నా మేనకోడలు ముందల కూసోవాలె. నడుమ లేసేటోళ్లు మాత్రం రావద్దు."

కాలేజీ బస్సు అడిగాను. ఆఫీసు ఇంకా ఏమీ చెప్పలేదు. ఇవ్వకపోతే ఆర్టీసీ బస్సులోనే పోతాం. ఆమె వస్తానంది, కానీ మామ ఎదురుగా ఎలా కూర్చోవాలో ఇంకా తేల్చుకోలేదు.

ఇక మీ సంగతి. మీ కాలేజీకో కాలనీకో కథ చెప్పేవాళ్లను పిలిస్తే, బిడ్డ ఇల్లు చేరేదాకా కదలకుండా కూర్చోండి. కూర్చోలేకపోతే పిలవకండి. ఎవరో పెద్దమనిషి వచ్చాడని కథ ఆపడానికి ఒక చదువుకున్న మనిషి స్టేజీ ఎక్కుతుంటే, అది నేనే అయినా సరే, చప్పట్లు కొట్టకండి. లేచి, చెయ్యి పట్టుకుని, కిందికి దించి కూర్చోబెట్టండి.