పుర్రచేతి కత్తి

మొన్న మా కోడలు కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టెను ముందు పెట్టుకుని, దాని టేపును గోటితో గీకి గీకి విసిగిపోయి, "అత్తమ్మా, జర నీ కత్తి ఇయ్యవా" అంది. నా కత్తి ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. చీరకు జేబు లేదు కనుక దాన్ని జేబుకత్తి అనడం సబబు కాదేమో. తాళంచెవులతో పాటు చిన్న గుడ్డసంచిలో వేసి నడుము దగ్గర దోపుకుంటాను. తీసి నేల మీద పెట్టాను. కత్తిని చేతి నుంచి చేతికి అందిస్తే ఇద్దరికీ పోట్లాట వస్తుందని మా ఇళ్లల్లో అంటారు. ఎన్ని పుస్తకాలు చదివినా, అత్తాకోడళ్ల మధ్య ఆ మాట నిజమో కాదో పరీక్షించి చూసే ధైర్యం మాత్రం నాకు రాలేదు. ఆమె తీసుకుని, మడత విప్పి, టేపు మీద పెట్టి లాగింది. కత్తి తిన్నగా పోకుండా పక్కకు తిరిగి అట్టలోకి దిగింది. "ఇదేంది అత్తమ్మా, నేను ఇటు గుంజితె ఇది అటు పోతాంది! గోరు పెట్టే గాడి సుత రెండు దిక్కుల ఉన్నది. ఖరాబైందా?" అని తిప్పి తిప్పి చూసి మళ్లీ నేల మీద పెట్టింది. "ఖరాబు కాలే, నీకు పడదు, అంతే" అని నేను తీసుకుని ఎడమచేత్తో ఒక్క గీత గీశాను. పెట్టె నోరు తెరిచింది. లోపలి చంటిపిల్ల గౌను చూసుకుంటూ కోడలు కత్తి సంగతి మరిచిపోయింది. నాకు మాత్రం అది నా చేతికి కుదిరిన కథంతా గుర్తుకొచ్చి, పొయ్యి మీద పోపు మాడిన వాసన వచ్చేదాకా తేరుకోలేదు.

నాది పుర్రచెయ్యి. ఎడమచేతి వాటాన్ని మా వైపు అలాగే అంటారు. చిన్నప్పుడు అన్నం తినే చెయ్యిని మా అమ్మ తిట్టి, కొట్టి మార్చింది కానీ, మిగతా పనుల్లో దాన్ని మార్చడం ఆమె వల్ల కాలేదు. పొలంలో కొడవలి పడితే దాని పళ్లు నాకు ఎదురు తిరిగేవి. కత్తెర పడితే గుడ్డ తెగకుండా మడతపడేది. లోకంలోని ఇనుమంతా నా మీద పగబట్టిందని అనుకునేదాన్ని. పెళ్లయి వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇంటికి వచ్చాక మొదటిసారి నాకు గౌరవం దొరికింది మగ్గం దగ్గరే. నూలు మోసే నాడెను కుడి నుంచి ఎడమకు ఎంత విసురుతామో ఎడమ నుంచి కుడికీ అంతే విసరాలి. మగ్గానికి రెండు చేతులూ ఒక్కటే. మా అత్త నా నేత చూసి వంక పెట్టలేదు. వంక పెట్టకపోవడమే ఆమె మెచ్చుకోవడం.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. కానీ మా వాడకట్టు దగ్గరి లైబ్రరీ దాన్ని ఆగనివ్వలేదు. పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టిన నాటి నుంచి మధ్యాహ్నాలు అక్కడే కూర్చున్నాను. ఏ పుస్తకం ఎందుకు చదవాలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి, బీరువా పై అరలో మొదలుపెట్టి కింది అరకు వచ్చాను. తేనెటీగల పెంపకం చదివాను, ఇంగ్లండు రాజుల చరిత్ర చదివాను, గుండె ఎలా కొట్టుకుంటుందో చదివాను. చదివింది నలుగురికీ చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. మా వాడకట్టులో ఎవరి గోడకు చెదలు పట్టినా, ఎవరి కోడి గుడ్లు మానేసినా పిలవకుండానే పోయి చెప్పేదాన్ని. మా ఆయన నాకు "లైబ్రరమ్మ" అని పేరు పెట్టాడు. నేను నొచ్చుకోలేదు. బిరుదులు ఇచ్చేవాళ్లు మన ఊళ్లో ఎంతమంది ఉంటారు గనుక.

అసలు విషయం చెట్టుది. పాలకుర్తి దగ్గరి పల్లెలో మా అమ్మ, తమ్ముడు ఉంటారు. వాళ్ల చేను గట్టు మీద ఒక నాటు మామిడి ఉండేది. దాని పచ్చికాయ కొరికితే పులుపు వెనక సన్నగా సోంపు వాసన వచ్చేది. అలాంటి కాయ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. ఆ కాయతో పెట్టిన తొక్కు జాడీ తెరిస్తే వీధి మలుపు దగ్గర ఉన్నవాళ్లకు ఆకలి వేసేది. ఆరేడేళ్ల కిందట ఆ చెట్టు మాను లోపలికి పురుగు చేరింది. పొట్టు రాలడం, కొమ్మ తర్వాత కొమ్మ ఎండడం. చివరికి తూర్పు వైపు ఒక్క పెద్ద కొమ్మ మాత్రం పచ్చగా మిగిలింది. టెంక నాటితే అదే కాయ వస్తుందన్న నమ్మకం లేదని నేను చదివి ఉన్నాను. తల్లి గుణం తప్పకుండా రావాలంటే అంటు కట్టాల్సిందే. మా తమ్ముడు ఒక నర్సరీ అతన్ని పిలుచుకొచ్చాడు. అతను చెట్టును కింది నుంచి పైకి చూసి, "గీ నాటుదానికి అంటెందుకమ్మా, బంగినపల్లి పెట్టుకోరాదుండ్రి" అని, రెండు బంగినపల్లి మొక్కలు అంటగట్టి పోయాడు. మా అమ్మ వాటిని నీళ్లు పోయకుండా చంపిందని నా అనుమానం.

"నేను కడత అంటు" అన్నాను నేను.

"నువ్వా? పుర్రచేత్తోనా?" అంది అమ్మ. "ఉన్న ఒక్క కొమ్మకు ఆ చెయ్యి తగలనియ్యకు బిడ్డా."

అయినా తగలనిచ్చాను. లైబ్రరీలో ముందు అట్ట లేని ఒక పండ్లతోటల పుస్తకం ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు చేశాను. టెంకలు మొలిపించి, మా డాబా మీద సంచుల్లో పెంచిన చిన్న మొక్కల తల తీసేసి, కాండాన్ని నడుమకు చీల్చి, తల్లి చెట్టు నుంచి తెచ్చిన జానెడు పుల్లను రెండు పక్కలా గొడ్డలి నోరులాగా పలచగా చెక్కి, ఆ చీలికలో దించి ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాలి. పైన గాలికి ఎండిపోకుండా, తడి పోకుండా పిల్లలు చీకే పొడుగు ఐసు కవరు తొడగాలి. చెప్పడం సులభం. అంతా చెక్కడంలో ఉంది. కూరగాయల కత్తి పుల్లను నలిపింది. జాతరలో కొన్న ఇత్తడి పిడి కత్తి నా వేలి మీదే మడత పడింది. మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడు సగంలో విరిగింది. చివరికి ఎనుమాముల మార్కెట్టు దారిలోని విత్తనాల దుకాణానికి పోయి, అంటు కట్టే కత్తి కావాలన్నాను. "సారు పంపిండా అమ్మా?" అన్నాడు దుకాణాదారు. "ఏ సారూ పంపలే. కట్టేది నేనే" అన్నాను. చెక్క పిడి, అందులోకి మడత పడే అలుగు, చేతిలో బరువు తెలియని కత్తి. దాన్ని చూడగానే ఇక నా కష్టం తీరిందనుకున్నాను. ఆ వానాకాలం దాంతో కట్టిన అంట్లు ఒక్కటీ బతకలేదు. కవరు విప్పి చూసినప్పుడల్లా పుల్ల నల్లగా, అగ్గిపుల్ల కాలినట్టు ఉండేది.

ఫోన్లో అమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "పోనీ తియ్యి బిడ్డా. నువ్వేం జేస్తవ్. నీ చెయ్యే అసుంటిది" అంది. తిట్టి ఉంటే మరిచిపోయేదాన్ని. ఆమె ఓదార్చింది. ఆ ఓదార్పు తర్వాత ఆ పని వదిలేయడం నావల్ల కాలేదు. కొమ్మ ఇంకో వానాకాలం నిలుస్తుందో లేదో తెలియదు. అది ఎండిపోయే లోపల నా చెయ్యి ఎందుకు తప్పుతోందో కనిపెట్టాలి.

చలికాలమంతా పుల్లలు చెక్కాను. మా వాకిట్లో జామచెట్టు ఉంది. దాని పుల్లలే నాకు పలకా బలపమూ. మగ్గం దిగితే చాలు, గడప మీద కూర్చుని చెక్కడమే. మా ఆయన నూలు కండెలు చుట్టుకుంటూ చూసి, "లైబ్రరమ్మా, గ్యాసు బండ అయిపోయినా ఫికర్ లేదు, కట్టెల పొయ్యికి సరిపోను చెక్కినవ్" అనేవాడు. కుడిచేత్తో చెక్కి చూశాను, బొటనవేలికి కట్టు కట్టుకోవాల్సి వచ్చింది. పుస్తకంలో కోత నున్నగా, బల్లపరుపుగా ఉండాలని రాసి ఉంది. నా కోత మాత్రం ఎంత నెమ్మదిగా లాగినా గరిటె లోపలి భాగంలా గుంట పడేది. గుంట పడితే పుల్లకూ మొక్కకూ మధ్య సందు మిగులుతుంది. సందు మిగిలితే రెండింటి లోపలి పాలు కలవవు, అంటు అతకదు. అంతవరకు తెలిసింది. గుంట ఎందుకు పడుతోందో తెలియలేదు.

తెలిసింది లైబ్రరీలో, కిటికీ పక్కన. అదే పుస్తకం, అదే పేజీ. కోత ఎలా వేయాలో చూపే బొమ్మ ఉంది: ఒక చేతిలో పుల్ల, ఒక చేతిలో కత్తి. వందసార్లు చూసిన బొమ్మే. పేజీ తిప్పబోతుంటే పొద్దుగూకే ఎండ కిటికీలోంచి కాగితం మీద పడింది. పలచని పాత కాగితం. బొమ్మ వెనక వైపు నుంచి కనబడింది. అందులో కత్తి ఎడమచేతిలో ఉంది. నా చెయ్యి. అలుగు మీద వాలుగా నూరిన పక్కను చూపే సన్నని గీతలు కూడా అటు నుంచి ఇటు మారాయి. నేను పేజీని ముందుకూ వెనక్కూ తిప్పాను. సంచిలోంచి కత్తి తీసి బొమ్మ పక్కన పెట్టాను. ఆ కత్తి ఒక్క పక్కే నూరి ఉంటుంది. రెండో పక్క అద్దంలా చదును. కుడిచేతిలో పట్టుకుంటే చదును పక్క పుల్లకు ఆని, కోత తిన్నగా జారుతుంది. నా చేతిలో వాలు పక్క పుల్లకు ఆనుతోంది. అందుకే అలుగు లోపలికి దిగి, మళ్లీ పైకి లేచిపోతోంది. చెయ్యి మంచిదే. కత్తిని నూరిన పక్కే నాకు తప్పు. బల్ల మీద విప్పిన కత్తి చూసి లైబ్రరీ సారు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా? పేజీలు కోస్తున్నరా?" అన్నాడు. "లేదు సారూ, ఇగో, ఈ బొమ్మను ఎనుకనుంచి సూడుండ్రి. అది నేనే" అన్నాను. ఆయన కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, కత్తి మూసెయ్యమని మాత్రం చెప్పాడు.

ఇక కావాల్సింది సానరాయి. సైకిలుకే రాయి బిగించుకుని వీధుల్లో తిరిగే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన కేక వినబడగానే కత్తి పట్టుకుని ఉరికాను. ఈ వాలంతా అరగదీసి చదును చేయమని, చదునుగా ఉన్న పక్క వాలు పెట్టమని చెప్పాను. ఆయన సైకిలు స్టాండు వేయడం కూడా ఆపేశాడు.

"ఉల్టా పట్టమంటున్నవా చెల్లె? కొత్త కత్తి. ఖరాబైతది."

"ఖరాబైతె నాదే గదన్నా."

"దునియా మొత్తం గిట్లనే పట్టుకుంటది."

"దునియా సంగతి నాకొద్దు. నా చెయ్యి సంగతి జూడు."

"తర్వాత వచ్చి సైకిలు ముంగట నిలబడొద్దు మరి" అని ఆయన స్టాండు వేసి, రాయి తిరిగేలా తొక్కడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు లేచాయి. చుట్టుపక్కల ఆడవాళ్లు బయటికొచ్చి చూశారు. నా గుండె గట్టిగానే కొట్టుకుంది. ఎలా కొట్టుకుంటుందో చదివినంత మాత్రాన అది నెమ్మదించదు. అలుగు కొంచెం సన్నబడి నా చేతికి వచ్చింది, నేల మీద నుంచే. వాకిట్లో జామపుల్ల విరిచి, ఒక్క లాగు లాగాను. తెగిన ముఖం మీద వెలుతురు పడి జారింది. గుంట లేదు. ఆయన ఆ పుల్ల తీసుకుని బొటనవేలితో తడిమి, "మంచిగనే తెగె" అని, ఆశ్చర్యాన్ని దాచుకోవడానికి గంట కొట్టుకుంటూ పోయాడు.

ఒక చిన్న ఇబ్బంది మిగిలింది. అలుగును బయటికి లాగడానికి గోరు పెట్టే గాడి కూడా కుడిచేతివాళ్ల కోసమే ఉంది. నేను కత్తిని తలకిందులు చేసి, పళ్లు బిగించి తెరిచేదాన్ని. అది చూసి మా ఆయన మగ్గం పనికి వాడే మూడంచుల ఆకురాయి తీసుకుని మెట్ల మీద కూర్చున్నాడు. గట్టి ఉక్కు. తీరిక దొరికినప్పుడల్లా రాసి రాసి, రెండో పక్క వంకరగా ఒక గాడి తీశాడు. "పుస్తకంలో గిది ఉండదు" అన్నాడు. నిజమే, ఉండదు. ఆ రోజు నుంచి కత్తి నా నడుము దిగలేదు. చేతికి అలవాటు పడాలని పోగులు దాంతోనే తెంపాను, కొబ్బరి ముక్కలు దాంతోనే తీశాను, బస్సులో పక్కసీటు పిల్లలకు జామకాయలు దాంతోనే కోసిచ్చాను. కత్తి ఎక్కడ ఆగుతుందో, నా మణికట్టు ఎక్కడ తిరుగుతుందో చీకట్లో కూడా తెలిసేంత వరకు.

వానలు పడ్డాయి. కొమ్మ ఇంకా ఉంది, పచ్చదనం మాత్రం చివర్లలోనే. నేను వెళ్లేసరికి అమ్మ చెట్టు కింద నిలబడి ఉంది. ఆపుతుందేమో అనుకున్నాను. ఆమె దోటీతో కొమ్మను వంచి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "కొయ్యి. నా చెయ్యి నొయ్యకముందే కొయ్యి" అంది. తడిగుడ్డలో చుట్టిన పుల్లలతో బస్సెక్కి, ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే డాబా ఎక్కాను. తర్వాతి రోజుల గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఐసు కవర్ల లోపల తడి తప్ప ఏమీ కనబడేది కాదు. చాలా పుల్లలు నల్లబడ్డాయి. ఒక పొద్దున మూడింటి కొసల్లో రాగి రంగు చిగురు మొగ్గలు కనబడ్డాయి. మొక్కల ముందు కూర్చుని చాలాసేపు కత్తిని ఊరికే తెరిచి మూశాను. మరుసటి వేసవి గాలిదుమారానికి తల్లిచెట్టు పడిపోయింది.

మూడింటినీ తమ్ముడి చేను గట్టు మీద నాటాం. ఒకటి మేక తిన్నది. ఒకటి ఏదో నిలబడింది అన్నట్టు నిలబడింది. మూడోది ఈ వేసవిలో కాసింది, గుప్పెడు కాయలు. అమ్మ ఒకటి కొరికి, కళ్లు మూసుకుని, నమిలి, "జర ముదరాలె" అంది. ఇంకో ముక్క అడిగి తీసుకుంది. అప్పుడు నేను చదివిన మాట ఒకటి చెప్పకుండా ఉండలేకపోయాను. అంటు మొక్క వేళ్లు కొత్తవే కానీ, పై పుల్ల వయసు తల్లిచెట్టు వయసే. అందుకే అది టెంక మొక్కలా ఏళ్లకేళ్లు ఎదురుచూపించకుండా తొందరగా కాస్తుంది. అమ్మ ఆ చెట్టును చూసింది. అది ఆమె భుజం దాకా కూడా రాలేదు. "అంటె గిది నాకంటె పెద్దదా?" అంది. "నువ్వు ఈ ఇంటికి కోడలుగ వచ్చిన్నాడే ముసలిమానై కాయలు కాస్తుండె గదనే. పెద్దదే" అన్నాను. "మరి ముందుగాల చెప్పొద్దా, అరె ఒరె అని పిలువబడితి" అని అమ్మ కొంగు సర్దుకుని దాని ఆకు ఒకటి నిమిరింది. గడిచిన ఏళ్లు వెనక్కి రావంటారు. నిజమే కావచ్చు, కానీ కోత నున్నగా పడితే, అవి జానెడు పుల్లలో ఇమిడి మనతో పాటు ముందుకు రాగలవని ఆ పొట్టి చెట్టు పక్కన నిలబడినప్పుడు నాకు తోచింది.