నిన్నటి పేరు పట్టుకుని నిలబడ్డాను

ఈరోజు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నిన్నటి ప్రయాణికుడి పేరున్న అట్ట పట్టుకుని నిలబడ్డాను. ఇవాళ్టి ఆయన నన్ను దాటి వెళ్లిపోయాడు. ఆయాసపడుతూ పరిగెత్తి పట్టుకున్నాను. ఆయన్ని దింపి పార్కింగ్‌కు వచ్చేసరికి తోటి డ్రైవర్లంతా నవ్వుతున్నారు. అక్కడే ఉండి చూసిన తోటి డ్రైవర్ యాదగిరి అందరికీ చెప్పేశాడు.

“ఒళ్లు పెరిగింది, టెస్టోస్టెరాన్, అదే మగ హార్మోను, తగ్గింది. మతిమరుపు అందుకే కావొచ్చన్నడు డాక్టరు,” అన్నాను.

“మెల్లగ చెప్పన్నా! మగోనివి, ఇజ్జత్ పోతది,” అన్నాడు యాదగిరి.

“షుగరుంటే అందరికి చెప్పుకుంటలేమా? గిదానికేంది సిగ్గు?” అని గొంతు ఇంకా పెంచాను.

అందరూ వెళ్లాక యాదగిరి నా కారు కిటికీలోకి వంగి గుసగుసగా అడిగాడు: “ఏ దవాఖాన అన్నా?”

“గట్టిగ అడుగు, చెప్త,” అన్నాను.

ఇది చదివే మీలో ఎవరికైనా ఆ దవాఖాన పేరు కావాలా? ఇక్కడే, అందరి ముందే అడగండి.