బొట్టు పెట్టిన పానా

నా చిన్నప్పుడు మా జీపు ఊరికి బయలుదేరుతోందంటే నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఎక్కమనకముందే ఎక్కేదాన్ని, మళ్లీ దిగేదాన్ని, చుట్టూ తిరిగి టైర్లను తన్ని చూసేదాన్ని. ముసలిదాన్నయ్యాక కూడా ఆ తిరుగుడు పోలేదు. అప్పుడు సరదాకి తిరిగేదాన్ని, ఇప్పుడు వేరే కారణానికి తిరుగుతాను.

మావాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయగడ వైపు గుడారి దగ్గర వ్యవసాయం చేసుకునేవాళ్లు. మా నాన్న పాత జీపు ఒకటి కొన్నాడు. ధాన్యం బస్తాలకూ అదే, పెళ్లిళ్లకూ అదే. మా మేనత్త, అంటే మా నాన్నకు అక్క, భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఆయన లారీ నడిపేవాడట. ఘాటీలో, ఆ కొండ మలుపుల్లో, బండి ఆగిపోతే ఎన్ని పాట్లుంటాయో ఆయన నోటివెంట విని విని ఉన్న మనిషి. అందుకే జీపు వచ్చిన కొత్తలోనే వెనక సీటు కింద ఒక రేకు పెట్టె సర్దింది. చక్రం బోల్టులు విప్పే పానా, జాకీ, టార్చి, తాడు, అగ్గిపెట్టె, ఒక పాత చీర, నీళ్ల డబ్బా, ఉప్పు పొట్లం, పంచదార పొట్లం.

సర్దింది గానీ, దాని గురించి నోరెత్తే వీలు లేకపోయింది. మా ఇళ్లల్లో ప్రయాణానికి లేచిన మనిషిని ఎక్కడికని అడిగితేనే తప్పు. అలాంటి చోట బండి ఆగిపోతే, టైరు పేలితే అంటూ మొదలుపెడితే ఎవరు ఊరుకుంటారు? మా నాన్న వెంటనే మొహం మాడ్చుకునేవాడు.

"బయల్దేరినప్పుడు ఆ పాడుమాటలేటప్పా," అనేవాడు.

పెట్టె మాట ఎత్తకూడదు కాబట్టి పెట్టె వంక చూసేవాళ్లే లేకపోయారు. టార్చి చేనుకు వెళ్లింది. తాడు దూడ మెడకు చేరింది. ఎవరూ దొంగలు కారు. మళ్లీ పెట్టేద్దాంలే అనుకునే తీశారు. ఒకరోజు చుట్టాలొస్తే మా అమ్మ టీలోకని పంచదార పొట్లం పట్టుకెళ్లడం నేను కళ్లారా చూశాను.

వానాకాలంలో మా తమ్ముడికి జబ్బు చేసింది. చంటివాడు. వాంతులు, విరేచనాలు పట్టుకుని తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయాయి. రాయగడ ఆసుపత్రికి తీసుకెళ్దామని నాన్న జీపు తీశాడు. అమ్మ, అత్త, నేను ఎక్కాం. అత్త పెట్టె మీద చెయ్యి వేసి ఏదో అనబోయింది. నాన్న వెనక్కి తిరిగి ఒక చూపు చూశాడు. ఆవిడ చెయ్యి తీసేసింది.

సగం ఘాటీ ఎక్కాక వెనక టైరు కూర్చుంది. నాన్న దిగి పెట్టె తెరిచాడు. జాకీ ఉంది, పానా లేదు. వానలో నిలబడి ఖాళీ చేతులు చూసుకున్నాడు.

"పొలం కాడ ఇంజను బిగించడానికి నానే అట్టుకెళ్లేను. అక్కడే ఉండిపోనాది," అన్నాడు.

అత్త తమ్ముడి పెదాలు తడిపి చూసింది. అమ్మ పాలు పట్టబోతే వాడు మొహం తిప్పుకోనైనా లేదు, ఊరికే పడుకుని ఉన్నాడు. నీళ్లలో ఉప్పూ పంచదారా కలిపి పడదామని నాన్న మళ్లీ పెట్టె వెతికాడు. పంచదార ఏదని అరిచాడు. అమ్మ తల వంచుకుంది.

"సీమలు పట్టేస్తే నానే పారేసేను. పిల్లడి తల్లిని బెదరగొట్టకు," అంది అత్త.

నాకు నిజం తెలుసు. అత్తకు కూడా తెలుసని ఆవిడ అమ్మ వీపు మీద చెయ్యి వేసినప్పుడు అర్థమైంది.

రోడ్డు మీద ఒక్క బండి లేదు. నేను కిందికి పరుగెత్తి మలుపు దాకా వెళ్లి చూసేదాన్ని, మళ్లీ పైకి వచ్చి తమ్ముడి పొట్ట కదులుతోందా అని చూసేదాన్ని. ఎవరు కూర్చోమన్నా కూర్చోలేకపోయాను. చివరికి సంత నుంచి వస్తున్న జీపొకటి కనిపించింది. ఆ డ్రైవరు ఏమీ అడగకుండానే పానా తీసి నాన్న చేతిలో పెట్టాడు. అందులో ఉన్న ఒక దేశియా ఆవిడ, ఆ కొండల మనిషి, పిల్లవాణ్ణి చూసి, మూటలోంచి బెల్లం ముక్క తుంచి ఇచ్చింది. అత్త దాన్ని నీళ్లలో కరిగించి, చిటికెడు ఉప్పు వేసి, చెంచాతో కొంచెం కొంచెం పట్టింది. చక్రం బిగించేలోపు వాడు చప్పరించడం మొదలుపెట్టాడు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణని డాక్టరు తర్వాత అన్నాడు.

వాడు కోలుకుని ఇంటికొచ్చాక అత్త ఎవరినీ దెప్పలేదు. శుక్రవారం నాడు తలంటు పోసుకుని, పసుపు కుంకుమల పళ్లెంతో జీపు దగ్గరికి వచ్చింది. పొలం నుంచి తెప్పించిన పానా, టార్చి, దూడ మెడ నుంచి విప్పిన తాడుతో సహా పెట్టె సామాను ఒక్కొక్కటీ గోనె మీద పరిచింది. మేము దసరాకి నాగలికి, కొడవళ్లకు, ఇంజనుకు బొట్లు పెట్టేవాళ్లం. ఆ పెట్టె సంగతి ఎవరికీ తట్టలేదు.

"అమ్మీ, పానాకి బొట్టెట్టు. బొట్టెట్టిన సామానం మీద ఎవుడి సెయ్యి పడతాదో సూద్దాం," అంది నాతో.

ఆ రోజు నుంచి ఏ ప్రయాణానికైనా ముందు నాకు అదే పని. బొట్టు పెట్టాలంటే వస్తువు ఎదురుగా ఉండాలి కదా. లేనిది అక్కడికక్కడే బయటపడేది. పూజ కాబట్టి అపశకునమని నాన్న అనలేకపోయాడు. ఒకసారి చేనుకు వెళ్తూ టార్చి తీయబోయి, దాని మీద కుంకుమ చూసి చెయ్యి వెనక్కి తీసుకోవడం నాకు గుర్తుంది. అత్త అటు తిరిగి నవ్వుకుంది.

ఇప్పుడు కొరాపుట్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడి కారులో గాలి కొట్టే పంపు, మందుల డబ్బా, నీళ్ల సీసాలు, వెలుతురు తగిలితే మెరిసే ముక్కోణపు బోర్డు ఉంటాయి. వాడు ఎక్కడికి బయలుదేరినా నేను డిక్కీ తెరిపించి అన్నిటికీ బొట్లు పెడతాను. ఫోనుంది కదమ్మా అంటాడు. దసమంతపూర్ దారిలో కొండ ఎక్కాక నీ ఫోను ఎవరితో మాట్లాడుతుందిరా అంటాను. కోడలు, మనవలు నా చాదస్తానికి పకపకా నవ్వుతారు. వాళ్లు నవ్వితే నాకేమీ కోపం లేదు. బండి మలుపు తిరిగాక కూడా నేను గేటు దగ్గరే అటూ ఇటూ తిరుగుతుంటాను. చంటివాడు ఏడవడం మానేస్తే బండిలో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో వాళ్లెవరూ వినలేదు.