అట్ట మీద లేని తువ్వాలు సార్ పేరు

“పుస్తకం అట్ట మీద మనిద్దరి పేర్లూ ఉంటాయి” అని మునిరత్నానికి మాటిచ్చాను. తొంభైల్లో, మదనపల్లె బస్టాండులో, టీ తాగుతూ.

ఆ మాట తప్పాను.

నిన్న పొద్దున కుప్పం నుంచి ఆయన స్టూడెంట్ ఫోన్ చేసింది. “సార్, మా మునిరత్నం సార్ పోయినాడు” అంది.

“తువ్వాలు పాఠం ఆయనకి నేర్పించింది మీరే కదా సార్. దాని గురించి ఏమన్నా రాయండి” అని ఏడ్చింది.

రాస్తున్నానమ్మా. చదువు.

మేమిద్దరం మదనపల్లెలో ఒకే హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళం. నేను ఎం.ఏ. ఇంగ్లీషు. ఆయన సోషల్ టీచరు. ఇంగ్లీషుకు ఇంకో మనిషి లేక ఆయనకు అంటగట్టారు.

‘హీ గోస్’, ‘దే గో’. ఆ చివరి ‘ఎస్’ దగ్గరే పిల్లలు ఏటా బోల్తా పడేవాళ్ళు. నేను లావుపాటి గ్రామర్ పుస్తకాలు తెచ్చి రూల్ రాయించేవాణ్ణి. గడగడా అప్పజెప్పేవాళ్ళు. పరీక్షలో ‘హీ గో’ అనే రాసేవాళ్ళు.

ఒకరోజు పక్క క్లాసులో నవ్వులు వినిపించి తొంగి చూశాను. బోర్డు మీద పుంగనూరు బస్సు బొమ్మ. మునిరత్నం చేతిలో తన భుజం మీది తువ్వాలు.

“బస్సులో సీటు మీద తువ్వాలు యాల ఏస్తామప్పా?”

“ఇంగెవురూ కూర్చోకుండా సార్!”

“నేను ఈడనే కూర్చోనుండా. నువ్వు నా ఎదురుగా ఉండావు. మనకి తువ్వాలు యాల? వాళ్ళు నలుగురొచ్చినారు, ఒకడు కాపలా ఉంటాడు. ఒంటిగా వచ్చినోడు టీకి దిగినాడనుకో? తువ్వాలు ఏసి పోవాల్సిందే. ఆ తువ్వాలే ఎస్సు!”

ఐ గో. యూ గో. దే గో.

హీ గోస్.

అంతే. ఆ పిల్లలు మళ్ళీ తప్పు రాయలేదు.

నిన్నటి నుంచి మన వాట్సాప్ గ్రూపులో “గొప్ప గురువు” అని దండలు వేస్తున్న రిటైర్డ్ మాస్టర్లారా, ఆయన్ని స్టాఫ్ రూములో “తువ్వాలు సార్” అని వెక్కిరించింది మీరే. నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే ఆ పేరు పెట్టింది నేను.

వెక్కిరించిన నేనే ఆ పాఠంతో గ్రామర్ గైడ్ రాశాను. బొమ్మలన్నీ ఆయనవే. పుంగనూరులో సుబ్బన్న ప్రెస్సులో అచ్చయింది. అట్ట మీద ఒక్కటే పేరు. నాది.

“సుబ్బన్న మర్చిపోయినాడప్పా” అన్నాను. అందరి ముందూ సుబ్బన్నను తిట్టాను కూడా.

“పోనీలేప్పా, పిలకాయలకి పాఠం అందింది గదా” అన్నాడు మునిరత్నం.

తర్వాత ఆయనకు కుప్పం ట్రాన్స్‌ఫర్ అయింది. రెండు వేల సంవత్సరం తర్వాత ఒకసారి చూడబోయాను. క్లాసులో పిల్లల చేతుల్లో నా గైడు. రెండు జడల పిల్ల ఒకతి లేచింది.

“సార్, తువ్వాలు పాఠం ఈ సార్ కనిపెట్టినాడా?”

“అవును పాపా. ఈయప్ప తావే నేను నేర్సుకున్న్యా” అన్నాడు, నా వైపు చూడకుండా.

నవ్వి ఊరుకున్నాను.

ఆ పిల్లవి నువ్వే కదమ్మా, నిన్న ఫోన్ చేసింది.

ఆ రోజు సాయంత్రం మునిరత్నం నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు. జనం విరగబడి ఉన్నారు. కిటికీలోంచి తన తువ్వాలు విసిరి నాకు సీటు పట్టాడు. నేను కూర్చున్నాక కిటికీ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

“సుబ్బన్నను ఇంక తిట్టొద్దప్పా. ప్రూఫు నాకు సూపించినాడు. అందులో నా పేరు ఉండాది. ఎర్ర ఇంకుతో కొట్టేసిండాది.”

బస్సు కదిలింది. తువ్వాలు నా ఒళ్ళోనే ఉండిపోయింది. తిరిగి ఇవ్వడానికి మళ్ళీ కుప్పం పోయే ముఖం లేకపోయింది.

సుబ్బన్నా, నీ తప్పు లేదు.

అమ్మా, ఆ పాఠం మీ సారుది. మొదటి మాట నుంచి చివరి బొమ్మ దాకా.

మునిరత్నం అప్పా, ఇంక ఎవరికీ సీటు పట్టే పని లేదు నీకు. నెమ్మదిగా కూర్చో. నీ ప్రాణానికి శాంతి దొరకాలి.

నీ పేరు కొట్టేసినవాణ్ణి మాత్రం నేను ఈ రోజుకీ క్షమించలేదు.

వాడి పేరు వెంకటాచలపతి, ఎం.ఏ. అట్ట మీద ఉంది, చూసుకోండి.