ఆదివారం రావద్దన్న అత్త

పోయిన నెల ఒక బుధవారం పొద్దున్న నేను పొలంలో ఉండగా వృద్ధాశ్రమం ఆయా ఫోన్ చేసింది. "బాబూ, మీ అత్త ఎల్లిపోనాదయ్యా. టీ ఇద్దామని లేపితే పలకనేదు" అంది. ఎనభై దాటిన మనిషి, రెండు రోజులుగా జ్వరం. ముందురోజు సాయంత్రం చూసి వచ్చాను, నా చేత్తోనే జావ తాగింది. అందుకని ఆశ్చర్యపోలేదు. తెగిన గట్టుకు మట్టి వేసి, కాళ్ళు కడుక్కుని బయలుదేరాను.

ఆవిడ మా నాన్నకు అక్క. పెళ్ళయిన ఆరేళ్ళకే మావయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. వరి నాట్లను మా వైపు ఉభాలంటాం. కోటబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్ళకు ఉభాలకు ఆడవాళ్ళను జట్టు కట్టి తీసుకువెళ్ళేది. వరసలో వంగిన వాళ్ళలో ముందుగా ఎవరు నడుం ఎత్తినా మిగతావాళ్ళు వదలరు. "ఏటే, పెళ్ళికూతురికి నడుం పట్టీసిందేటి?" అని ఆడేసుకుంటారు. ఆ మాట పడలేక, నాలుక ఎండిపోతున్నా ఎవరూ లేవరు. ఈ సంగతి తెలుసు కనుక అత్త దాహమేస్తోందా అని ఎవరినీ అడిగేది కాదు. తనే ముందు లేచి, "అందరూ గట్టెక్కండి, నీలు తాగండి" అనేది. ఎవరైనా వద్దంటే, "నీకు కావాలా అని నానడిగినానేటి? తాగు" అనేది.

నాలుగేళ్ళ కిందట జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది గానీ ఒకరు లేపి కూర్చోబెట్టాలి. మా ఆవిడకు అప్పటికే వెన్నుకు ఆపరేషన్ జరిగి బరువు ఎత్తకూడదన్నారు. నేను ఎటూ తేల్చుకోలేకపోతుంటే అత్తే తేల్చింది. "ఒరే అల్లుడా, ఇంట్లో ఇద్దరు ఆడోల్లు మంచాన పడితే నీకు గంజెవలు కాస్తారు? నన్ను ఆ ఆశ్రమంలో పెట్టీ" అంది. బస్సులో గంట దూరం. ఆడవాళ్ళకు ఒక పొడుగాటి గది, అందులో పన్నెండు మంచాలు. కొన్నాళ్ళకు నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

నేను ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. ఫినాయిల్ వాసన, ఉతికిన దుప్పట్లు, దువ్విన తలలు. "బాగున్నావా అత్తా?" అంటే, "బాగున్నానురా, నువ్వు బాగున్నావా?" అనేది. పన్నెండు మంచాల దగ్గరా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. తృప్తిగా బస్సెక్కేవాణ్ణి. ఏడాదిన్నర అలా గడిచింది.

ఒకరోజు ఆయా ఫోన్ నుంచి అత్త మాట్లాడింది. "ఈ ఆదివారం రావొద్దు. రేపు మద్దినేల మూడు దాటినాక రా."

"ఒంట్లో బాగోలేదా?"

"నాకేటీ నేదు. వచ్చి సూడు."

వెళ్ళాను. ఆ వేళకు ఆ గది నేను ఎరిగిన గది కాదు. గుమ్మంలోనే ఉచ్చ వాసన కొట్టింది. ఆయా నీళ్ళ జగ్గులన్నీ బుట్టలో వేసుకుని పట్టుకుపోతోంది. మూడు దాటితే మళ్ళీ తెల్లవారేదాకా నీళ్ళు ఇవ్వరని అత్త చెప్పింది. సాయంత్రం నుంచి ఆడవాళ్ళ గదికీ మగవాళ్ళ గదికీ కలిపి ఆయా ఒక్కతే. తాగితే పక్క తడుస్తుంది, అన్ని పక్కలు ఆమె మార్చలేదు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. జగ్గు తీసేశారు, అంతే.

పక్క మంచం మీద నరసన్నపేట షావుకారు భార్య ఉండేది. భర్త పోయాడు, పక్షవాతంతో ఒక వైపు పడిపోయింది. వెల్లకిలా పడుకోబెడితే అలాగే ఉంటుంది. "దీని ఈపు సూడు" అంది అత్త.

"వద్దే, పరాయి మగాడు" అందావిడ.

"పరాయోడేటి? మా అల్లుడు. ఎద్దుల్ని సాకినోడు, ఆడికి పుండంటే తెల్సు."

"నన్ను ఎద్దుని సేసీసినావేటే!"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే అత్త దుప్పటి పక్కకు తీసింది. నడుం కింద అరచేతి వెడల్పున పుండు, మధ్యలో గుంట పడి ఉంది. కాడి కింద మెడ కాస్త ఒరుసుకున్నా మేం ఎద్దును బండికి కట్టం. గోడకు ఒక కాగితం అంటించి ఉంది. రెండు గంటలకోసారి ఈవిడను పక్కకు తిప్పాలని రాసి, ఎదురుగా టిక్కులు పెట్టారు. నేను గడియారం చూశాను, మూడున్నర. టిక్కులు రాత్రి పది దాకా ఉన్నాయి.

అప్పుడు అత్త అసలు సంగతి చెప్పింది. అంతకు ముందు నెలలో ఒక ప్రభుత్వ అధికారిణి తనిఖీకి వచ్చింది. మంచం మంచానికీ వెళ్ళి, అమ్మా బాగున్నారా అని మర్యాదగానే అడిగింది. పన్నెండు మందీ బాగున్నామన్నారు.

"నానూ అనీసినాన్రా. సూడ్డానికొచ్చిన మనిసి నవ్వుతా బాగున్నారా అంటే, నేదు అని ఎలాగంటాం? నోరు రాదు. ఆయమ్మ అదే రాసుకోని ఎల్లిపోనాది. దీనికి అప్పటికి సిన్న ఎర్ర మచ్చే."

నేను గొంతు తగ్గించి, "మనకెందుకత్తా? నిన్ను పంపేస్తే?" అన్నాను. అలా అన్నది నేనే. దాచను.

"నన్ను పంపీస్తే నీ ఇంటికొస్తాను. ఇది ఇలగే ఉంటే నెల్లాల్లకి ఉండదు. ఎల్లి మేనేజర్ని పిలు."

మేనేజరు చెడ్డమనిషి కాడు. మనుషులు దొరకడం లేదండీ అన్నాడు. దుప్పటి తీసి చూపించాను. అంబులెన్స్ నేనే పిలిచాను. షావుకారు భార్య చెల్లెలి కొడుకు కొట్టు మూసి ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చాడు. "ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నానండీ, బాగున్నాననే అంది" అని నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు కొత్త మాటేం కాదది. ఇంకో వారం ఆలస్యమైతే విషం రక్తంలోకి పోయేదని డాక్టరు చెప్పాడు. ఆవిడ బతికింది. ఇంటికి తీసుకుపోతామని వాళ్ళన్నా, రెండు నెలల తర్వాత అత్త పక్క మంచమే కావాలని తిరిగి వచ్చింది.

ఈలోగా అత్త చెబుతుంటే నేను అర్జీ రాశాను. ఆ అధికారిణి మళ్ళీ వచ్చింది. గుమ్మంలోనే అత్త స్టాండు అడ్డం పెట్టి ఆపింది. "అమ్మా, మమ్మల్ని బాగున్నారా అని అడక్కండి. మేం బాగున్నామనే అంటాం. నిన్న ఆకరిసారి నీలు ఎప్పుడు తాగినారో అడగండి."

ఆవిడ అలాగే అడిగింది. అత్తే ముందు, "నానైతే నిన్న మూడింటికి" అంది. మూల మంచం ముసలమ్మ, "నాను మద్దినేల కూడు తిన్నప్పుడు" అంది. తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. అధికారిణి ఈసారి చాలాసేపు రాసుకుంది.

సాయంత్రాలకు రెండో ఆయా వచ్చింది. జగ్గులు మంచాల దగ్గరే ఉండిపోయాయి. కాగితం మీద టిక్కు పెట్టబోతే, "ముందు తిప్పు, తరవాత గీసుకో" అని అత్త గదిమేది. మేనేజరు నాతో, "మీ అత్తగారు మాకు సూపర్వైజరు అయిపోయారండీ" అని మొత్తుకున్నాడు. అన్నీ బాగుపడలేదు. స్నానాల గదిలో పట్టుకోడానికి కడ్డీ పెట్టమని మొదటి నుంచీ అడిగాం. ఇంకొకావిడ పడి చెయ్యి విరిగాక గానీ పెట్టలేదు.

మీవాళ్ళు ఎవరైనా ఇలాంటి చోట ఉంటే ఆదివారం వెళ్ళకండి. చెప్పకుండా, పని రోజున, సాయంత్రం వేళ వెళ్ళండి. వీపు చూడండి, వాళ్ళు వద్దన్నా చూడండి. మా అత్త మర్యాదకు ఒకసారి అబద్ధమాడింది. తప్పు తెలిశాక దిద్దుకుంది. నాకు తెలిసిన చాలామంది చదువుకున్నవాళ్ళు ఆ రెండో పని చెయ్యరు.

కర్మ అయిపోయాక అత్త పెట్టె తెచ్చుకుందామని వెళ్ళాను. అత్త మంచం మీద అప్పటికే కొత్తావిడ ఉంది, వచ్చి మూడు రోజులట. కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవు. ఒక ఆయా ఆవిణ్ణి పక్కకు తిప్పబోతోంది, రెండో ఆయా మగవాళ్ళ గదిలో ఉంది. షావుకారు భార్య తన మంచం మీద నుంచే నన్ను కేకేసింది. "నిలబడి సూస్తావేటి బాబూ? పట్టు."

ఇన్నేళ్ళుగా వస్తూపోతూ ఉన్నా, ఆ పని ఎప్పుడూ నా చేత్తో చెయ్యలేదు. చేతులు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు.

"ఒక సెయ్యి బుజం కిందెయ్యి. రెండోది నడుం కింద. లాగకు, దొర్లించు. ఆఁ, మెల్లిగా."

కొత్తావిడ నన్ను అనుమానంగా చూసి, "ఎవడ్రా నువ్వు?" అంది. ఆయా తలగడ తెచ్చి వీపు వెనక ఆనించేదాకా, కదిలితే మళ్ళీ వెల్లకిలా పడిపోతుందేమోనని, ఆ చిన్న ఒంటిని అలాగే రెండు చేతులతో పట్టుకుని వంగి నిలబడ్డాను.