మూలుగ ఇస్తానన్న మొనగాడు

శంషాబాద్ పేరు చెబితే ఎవరికీ విమానం గుర్తురాని రోజులవి. బెంగుళూరు రోడ్డు మీద షాద్‌నగర్ బస్సు కోసం నిలబడే చోటు, అంతే. ఇప్పుడు విమానాలు దిగుతున్న వైపు అప్పుడు జొన్న చేలుండేవి, చేలకు ఇవతల మా ఊరు, ఊరి చివర రేకుల కప్పుతో మా గుడి. (మేము చర్చిని గుడి అనే అంటాం.) ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు, షాద్‌నగర్ దగ్గర సీసాల ఫ్యాక్టరీలో ఉద్యోగం, పల్చటి మీసం, ఆ మీసానికి మించిన గర్వం. అన్నీ ఉన్నాయి గానీ ఒక్కటి లేదు. నాకు సాక్ష్యం లేదు.

సాక్ష్యమంటే కోర్టులో చెప్పేది కాదు. ఆదివారం పాటలయ్యాక, మా పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పడం మొదలుపెట్టే ముందు, దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. గేదె సుఖంగా ఈనిందని ఒకామె చెప్పేది. తను ఎక్కాల్సిన బస్సు తప్పిపోతే ఆ బస్సే మలుపులో బోల్తా పడిందని ఒకాయన చెప్పేవాడు. మా బాపు తన కాలి పక్కనుంచి పాము పోయిన సంగతి ఏడాదికోసారి చెప్పేవాడు, ఏడాదికో మూర చొప్పున ఆ పాము పెరిగేది. నాకు మాత్రం గేదె లేదు, పాము లేదు, ఎక్కాలనుకున్న ప్రతి బస్సూ దొరికేది. "ఇరువై రెండేండ్లొచ్చె. ఒక్క ఐతారమన్న లేసి నిలవడ్డవార? దేవుడు నీకేం జెయ్యలేదా, నీకే సోయి లేదా?" అని మా అమ్మ ప్రతి వారం గుడి మెట్లు దిగకముందే మొదలుపెట్టేది. ఆమె కోపం ఊళ్ళో పేరున్న కోపం. (పైగా ఆడవాళ్ళ వైపు చాప మీద, కిటికీ పక్కన ఒకమ్మాయి కూర్చునేది. ఆమె గురించి ఇంతకంటే రాయను, ఎందుకంటే ఇప్పుడు ఈ కాగితాలు మొదట చదివేది ఆమే.)

అలాంటి సమయంలో మా ఫ్యాక్టరీకి ఒక వ్యాను వచ్చింది. రక్తం పాడయ్యే జబ్బు వచ్చినవాళ్ళకు ఒక్కోసారి ఇంకొకరి ఎముకల్లోని మూలుగ ఎక్కించాల్సి వస్తుందట, ఇంట్లోవాళ్ళది కలవకపోతే ఎక్కడో ముక్కూమొహం తెలియనివాళ్ళది కలవవచ్చట, అందుకని పేర్లు రాసుకుని కాస్త రక్తం తీసుకుంటున్నారట. ఇచ్చినవాళ్ళకు అరటిపండు, బిస్కెట్లు, ఆ పూట సెలవు. నేను సెలవు అన్న మాట దగ్గరే చేయి చాపాను. రక్తం తీస్తున్న డాక్టరమ్మను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "నిజంగ కలుస్తదా మేడం?" ఆమె నవ్వి, "చాలామందికి జీవితాంతం పిలుపే రాదండీ" అంది. నాకు ఆ జవాబు బాగా నచ్చింది. రాని పిలుపుకు సరేనని సంతకం పెట్టడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు.

ఆ ఆదివారం నేను లేచి నిలబడ్డాను. మా అమ్మ నోరు తెరుచుకుని చూసింది. "ఎవరో తెల్వనోళ్ళ పానం కోసం నా బొక్కలల్ల మూలుగ ఇస్తనని దేవుని ముందట సంతకం జేసిన" అన్నాను. (దేవుని ముందు కాదు, ఫ్యాక్టరీ నీళ్ళ ట్యాంకు ముందు.) గుడిలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకింకా గుర్తుంది. అయ్యగారు నా తల మీద చేయిపెట్టి ప్రార్థించారు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి తల తిప్పి చూసింది. ఇంటికి పోయాక మా అమ్మ మటన్ కూరలో బాపుకు వేయాల్సిన మూలుగ బొక్కను నా కంచంలో వేసింది. ఇంటి పెద్దకు తప్ప ఇంకెవరికీ దక్కని బొక్క అది. బాపు తన కంచం వైపు, నా కంచం వైపు చూసి, ఉన్నదాంతోనే తినేశాడు. ఊళ్ళో నాకు మూలుగన్న అని పేరొచ్చింది. ఎనిమిది నెలలు ఆ పేరు మీద హాయిగా బతికాను.

తరువాత ఉత్తరం వచ్చింది. నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. ఇంగ్లీషులో ఉందని మా అమ్మ దాన్ని తిన్నగా అయ్యగారి దగ్గరికి తీసుకుపోయింది. ఆ రోజు ఒకరింట్లో ప్రార్థన కూడిక ఉండటంతో ఆయన అక్కడే అందరి ముందూ చదివి వినిపించారు. సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి మా వాకిట్లో ముప్పై మంది ఉన్నారు. ఎవరో పోయారనుకున్నాను. "బిడ్డా, కలిసిందిరా!" అని మా అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏం కలిసిందో అర్థం కావడానికి కాసేపు పట్టింది. బాపు అరుగు మీంచి లేచాడు. "అంటే నిజంగనే తీస్తరా? రాసిచ్చినవా? ఏందిరా గిది, బొక్కలిస్తనని ఎవడన్న రాసిస్తడా?" ఆయన మొహం చూశాక నాకు అసలైన భయం వేసింది. అంతవరకు నేను చెప్పిన సాక్ష్యాన్ని నమ్మనివాళ్ళం ఊరంతటిలో నేనూ బాపూ ఇద్దరమేనని అప్పుడు తెలిసింది.

పట్నంలోని పెద్ద దవాఖానకు నాతో అమ్మా బాపూ ఇద్దరూ వచ్చారు. మళ్ళీ రక్తం తీశారు, మళ్ళీ కలిసింది. వ్యానులో వచ్చిన డాక్టరమ్మే అన్నీ వివరించింది. ఎముక కోయరట, మత్తిచ్చి నడుం వెనకనుంచి సూదులతో మూలుగ లాగుతారట, కొన్నాళ్ళు నొప్పి ఉంటుందట. సూదులన్నప్పుడు బాపు గోడ పట్టుకున్నాడు. తరువాత ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని మెల్లగా చెప్పింది. "ఎవరో, ఎక్కడో చెప్పకూడదు. తొమ్మిదేళ్ళ పాప. శుక్రవారం నుంచి ఆ పాపకు మందులు మొదలుపెడతారు. ఆ మందులు తన మూలుగను మొత్తం చంపేస్తాయి. బుధవారం మీది వెళ్ళి ఎక్కాలి. మీరు ఈలోపు వద్దనుకుంటే నిస్సంకోచంగా చెప్పండి, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. కానీ మందులు పడ్డాక వద్దంటే మాత్రం ఆ పాప బతకదు." మా అమ్మ నా వైపు చూస్తోంది. నేను ఛాతీ విరుచుకుని, "మాటంటే మాటే మేడం" అన్నాను. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ వారం నన్ను చూసినవాళ్ళ తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరి ఇంట్లో మటన్ వండినా మూలుగ బొక్క గిన్నెలో పెట్టి మా ఇంటికి పంపేవారు. "తిను కొడుకా, పోయేది పూడాలె" అని మా అమ్మ పక్కనే కూర్చుని పీల్పించేది. ఒక ముసలాయన నా నడుం తడిమి, "గింత మంచి బొక్కలు" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకొకాయన, తమ్ముని బామ్మర్దికి ఇలాగే చేస్తే మనిషి జానెడు పొట్టిగయ్యిండని చెప్పిపోయాడు. నేను నవ్వుతూ అందరికీ వందనాలు పెట్టి, గదిలోకి పోయి, గోడకు ఆనుకుని నిలబడి నా ఎత్తు దగ్గర బొగ్గుతో గీత గీసుకున్నాను.

గురువారం పొద్దున ఓవర్‌టైం ఉందని చెప్పి బట్టల సంచితో బస్సెక్కాను. ఫ్యాక్టరీ దగ్గర దిగలేదు. షాద్‌నగర్‌లో మా మేనత్త ఇంటికి పోయాను. "ఏందిరా గిట్లొచ్చినవ్, ఐతారం కూడ గాదు?" అంది. పప్పన్నం పెట్టింది. రెండో ముద్ద దగ్గర నేను ఏడ్చేశాను. ఇరవై రెండేళ్ళ మీసమున్నవాణ్ణి, పప్పన్నం ముందు కూర్చుని, సంగతంతా చెప్పి, నాకు భయమైతుందత్తా అని ఏడ్చాను. ఆమె నన్ను తిట్టలేదు. "భయమైతే పోకు. నీ గొంతు మీద కత్తి ఎవడు వెట్టిండు? కని ఆ మాట వాళ్ళకు జెప్పు. జెప్పకుండ గిట్ల వచ్చి కూసుంటే ఎట్ల? ఆ పిల్లకు తల్లి ఉంటది గదరా, నీ కోసమే సూస్తుంటది. జర జల్ది పోయి ఫోన్ జెయ్యి, వాళ్ళు ఇంకోన్ని ఎతుక్కుంటరు." ఆమె మాట న్యాయంగా ఉంది. శుక్రవారానికి ఇంకా ఒక రోజుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్‌లో దూరి, చెప్పాల్సిన మాటను నాలుగుసార్లు అనుకుని, నంబరు తిప్పాను. డాక్టరమ్మే ఎత్తింది. నా పేరు చెప్పానో లేదో, "మంచి సమయానికి చేశారండీ!" అంది. ఆ గొంతులో సంతోషం. "అక్కడివాళ్ళు రెండు రోజులు ముందే మొదలుపెట్టారు. నిన్ననే పాపకు మొదటి మందు పడింది. ఇక అందరం మీ కోసమే. చెప్పండి, ఎందుకు చేశారు?"

అద్దం బయట జామకాయల బండి, బస్సులు, మనుషులు, అన్నీ మామూలుగా కదులుతున్నాయి. ఎక్కడో ఒక మంచం మీద తొమ్మిదేళ్ళ పిల్ల లోపల మూలుగ చచ్చిపోతోంది, దానికి బదులు ఉండాల్సింది షాద్‌నగర్ బూత్‌లో చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. నేను పారిపోయి వచ్చానని ఆమెకు తెలియదు. ఒక్క రోజు ఆలస్యంగా పారిపోయి వచ్చానని నాకూ అప్పుడే తెలిసింది. ఏం చెప్పను? "ఏం లేదు మేడం" అన్నాను. "బుధవారం తిని రావాల్నా, తినకుండ రావాల్నా అని అడుగుదామని."

"ఏమీ తినకుండా రండి" అంది.

మేనత్త ఇంటికి పోయి సంచి తీసుకున్నాను. ఆమె మిగిలిన పప్పన్నం పెట్టింది, ఈసారి మొత్తం తిన్నాను. సాయంత్రం ఇల్లు చేరితే మా అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "అయిందా నీ ఓవర్‌టైం? సంచి ఇటియ్యి" అని తీసుకుని, మడత కూడా విప్పని బట్టలను మళ్ళీ దండెం మీద వేసింది. జీవితంలో ఆమె నన్ను తిట్టాల్సి ఉండీ తిట్టని రోజు అదొక్కటే.

బుధవారం సంగతి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే నేను నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి నడుం వెనక ఎవరో రోకలితో దంచినట్టు నొప్పి, కాళ్ళ దగ్గర దుప్పటి ఎత్తి రెండు కాళ్ళూ సమానంగా ఉన్నాయా అని చూస్తున్న మా అమ్మ. తీసిన మూలుగను మంచు పెట్టెలో పెట్టుకుని ఒకాయన అప్పటికే బేగంపేటలో విమానం ఎక్కేశాడట. మా వంశంలో మొదట విమానమెక్కింది అదే. బాపు డాక్టరమ్మ ముందు చేతులు కట్టుకుని, "మల్ల పెరుగుతదా మేడం?" అని అడిగాడు. కొద్ది వారాల్లో పోయిందంతా మళ్ళీ తయారవుతుందని ఆమె చెప్పగానే ఆయన నిర్ఘాంతపోయాడు. "గంతేనా? మరి నేను పది దినాల సంది తిండి మానేసి ఎందుకు ఏడ్చినట్టు?" అన్నాడు. ఆ మరుసటి ఆదివారం నేను గుడికి నడిచిపోతే, మోసుకొస్తారనుకున్న జనం కూడా అలాగే నిర్ఘాంతపోయారు. వాళ్ళను నిరాశపరచకూడదని అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువే కుంటుతూ నడిచాను. అయ్యగారు లేచి చెప్పమన్నారు. నిలబడ్డాను. పాప బతికిందో లేదో తెలియకుండా ఏం చెప్పాలి? "ప్రార్థన జెయ్యున్రి" అని కూర్చున్నాను. కూర్చోగానే నొప్పికి కెవ్వుమన్నాను.

ఏడాది దాకా ఏ కబురూ రాలేదు. పేరు తెలియని పిల్ల కోసం ఇంటి ప్రార్థనలో మా అమ్మ రోజూ గట్టిగా అడిగేది, దేవుడి మీద కూడా కోపం చేసేది. ఆ తరువాత ఒక కవరు వచ్చింది. పేరు, ఊరు ఉన్నచోట నల్ల సిరాతో కొట్టేసిన కాగితం, పెన్సిల్‌తో రాసిన పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. ఈసారి నేనే చదివి అమ్మకు తెలుగులో చెప్పాను. నాకు జుట్టు మళ్ళీ వచ్చింది. బడిలో చేరాను. ఆ రోజు నాకు చాలా భయం వేసింది. మీకూ వేసిందా?

మా అమ్మ గడప మీదే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను జవాబు రాయడానికి కూర్చున్నాను. మొదటి కాగితంలో నేను మహా ధైర్యవంతుణ్ణి. రెండో దాంట్లో దేవుడిచ్చిన ధైర్యం అని రాసి, అదీ చింపేశాను. చివరికి మూడు వాక్యాలు పంపాను: "వేసింది. నేను మా అత్తయ్య ఇంటికి పారిపోయాను. మళ్ళీ వచ్చాను."

రెండు నెలలకు ఇంకో కవరు వచ్చింది, అదే చివరిది. అందులో ఒకే వాక్యముంది: "నాకొక్కదానికే వేసిందనుకున్నాను." ఆమెకిప్పుడు నలభై దగ్గర పడి ఉంటాయి, పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు. బూత్‌లో నిలబడి తిని రావాలా, తినకుండా రావాలా అని అడిగిన ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం, పక్కన ఎవరున్నారో చూసుకోకుండా నవ్వేస్తాను.